ఇంటర్నెట్ ఫోన్ కాల్స్‌కు వాయిస్ కోడెక్ ఎంపిక

మాటను అంకెలుగా మార్చి, కుదించి, అవతలి చివర మళ్లీ మాటగా విప్పే పద్ధతిని వాయిస్ కోడెక్ అంటారు. ఇంటర్నెట్ మీదుగా సాగే ప్రతి ఫోన్ కాల్‌లోనూ రెండు చివర్లా ఒక కోడెక్ పనిచేస్తూ ఉంటుంది. మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుంది, ఎంత డేటా ఖర్చవుతుంది, ఎంత ఆలస్యంగా చేరుతుంది, దారిలో కొంత పోతే ఏమవుతుంది అనే నాలుగు విషయాలు చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటాయి. ఈ నాలుగింటిలోనూ మేలైన కోడెక్ ఏదీ లేదు. కాల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి ఎంచుకోవాలి. ఈ వ్యాసం ప్రధాన కోడెక్‌లను పరిచయం చేసి, నూజివీడు మామిడి ప్రాంతంలోని ముసునూరు మండలాన్ని ఉదాహరణగా తీసుకుని ఎంపిక పద్ధతిని వివరిస్తుంది. ఫైబర్ కనెక్షన్, తోటల్లో మొబైల్ డేటా, అమెరికాలోని పిల్లలతో మాటలు అన్నీ ఒకేచోట కనిపించే ప్రాంతమిది.

పనిచేసే తీరు

పాత టెలిఫోన్ వ్యవస్థ మనిషి గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్నే పంపేది. దాన్ని అంకెల్లోకి మార్చడానికి సెకనుకు 8,000 సార్లు కొలత తీస్తే సరిపోతుంది. ఇలాంటి కోడెక్‌లను న్యారోబ్యాండ్ కోడెక్‌లంటారు. సెకనుకు 16,000 కొలతలు తీసి 7,000 హెర్ట్జ్ వరకు పంపేవి వైడ్‌బ్యాండ్ కోడెక్‌లు. మొబైల్ కంపెనీలు ‘హెచ్‌డీ వాయిస్’ అని ప్రచారం చేసేది ఈ రెండో రకాన్నే.

కుదించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటి పద్ధతి తరంగం ఆకారాన్ని ఉన్నదున్నట్టు కొలిచి పంపుతుంది. మాటైనా, పాటైనా, కుక్క అరుపైనా దానికి ఒకటే. రెండో పద్ధతి మాట పుట్టే తీరును అనుకరిస్తుంది. స్వరతంత్రుల కంపనాన్ని విడిగా, నోటి కుహరం ఆ కంపనాన్ని మలచే తీరును విడిగా లెక్కగట్టి ఆ వివరాలను మాత్రమే పంపుతుంది. అందువల్ల డేటా బాగా తగ్గుతుంది. కాని మనిషి మాట కానిదేదైనా వస్తే తడబడుతుంది. లైన్‌లో వేచి ఉన్నప్పుడు వినిపించే సంగీతం కొన్ని ఫోన్లలో గరగరలాడటానికి ఇదే కారణం.

చరిత్ర

మాటను అంకెలుగా పంపవచ్చన్న ఆలోచన ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు అలెక్ రీవ్స్‌ది. పారిస్‌లో పనిచేస్తూ ఆయన 1937లో ఈ పద్ధతిని రూపొందించాడు. అమెరికాలో బెల్ సంస్థ 1962లో దీన్ని టెలిఫోన్ లైన్లలో వాడుకలోకి తెచ్చింది. అంతర్జాతీయ టెలికాం సంఘం 1972లో జీ.711 పేరుతో దీన్ని ప్రమాణంగా ఖరారు చేసింది.

మాట పుట్టే తీరును అనుకరించే రెండో పద్ధతి ఎదుగుదలలో ఒక భారతీయుడి పాత్ర పెద్దది. కాన్పూరులో పుట్టిన బిష్ణు అటల్ బెల్ ప్రయోగశాలలో పనిచేస్తూ, గత కొలతల ఆధారంగా తర్వాతి కొలతను ఊహించే గణితాన్ని 1960ల చివర్లో మాటకు అన్వయించాడు. మన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి 1985లో సెల్ప్ అనే కుదింపు పద్ధతిని ప్రకటించాడు. అప్పట్లో ఒక్క సెకను మాటను కుదించడానికి క్రే సూపర్ కంప్యూటర్‌కు రెండు నిమిషాలకు పైగా పట్టేది. అదే పద్ధతి వారసులు నేడు చవక రకం మొబైల్‌లోనూ పనిచేస్తున్నాయి.

ఇంటర్నెట్ మీద మాట్లాడే తొలి వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ 1995లో విడుదల చేసింది. 2003లో స్కైప్ వచ్చాక ఇది ఇంటింటి వ్యవహారమైంది. స్కైప్ 2009లో రూపొందించిన సిల్క్ కోడెక్, జిఫ్ ఫౌండేషన్ వారి సెల్ట్ కోడెక్ కలిసి ఓపస్‌గా మారాయి. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2012 సెప్టెంబర్‌లో ఓపస్‌ను ప్రమాణంగా ప్రకటించింది.

ప్రధాన కోడెక్‌లు

*జీ.711:* సెకనుకు 64 కిలోబిట్లు. లెక్క సులువు, ఆలస్యం దాదాపు శూన్యం. ఇందులో రెండు రకాలున్నాయి: భారతదేశం, ఐరోపా ‘ఎ-లా’ వాడతాయి, అమెరికా, జపాన్ ‘మ్యూ-లా’ వాడతాయి. రెండింటి మధ్య కాల్ నడిస్తే మార్పిడి బాధ్యత మ్యూ-లా దేశానిదేనని ప్రమాణం చెబుతుంది. ప్రపంచంలోని ఫోన్ ఎక్స్చేంజీలన్నింటికీ అర్థమయ్యే భాష ఇదే.

*జీ.722:* 1988 నాటి వైడ్‌బ్యాండ్ కోడెక్. ఇదీ 64 కిలోబిట్లే తీసుకుంటుంది. అదే ఖర్చుతో రెట్టింపు వెడల్పు ధ్వనిని ఇస్తుంది. ఆఫీసు డెస్క్ ఫోన్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

*జీ.729:* 8 కిలోబిట్లు. 1990ల మధ్యలో వచ్చింది. బ్యాండ్‌విడ్త్ ఖరీదుగా ఉన్న కాలంలో కంపెనీల శాఖల మధ్య కాల్స్‌కు, అంతర్జాతీయ కాల్స్‌కు దీన్నే వాడేవారు. ఒకప్పుడు లైసెన్స్ రుసుము ఉండేది. దాని పేటెంట్లలో చాలావాటి గడువు 2017 జనవరి 1 నాటికి తీరిపోయింది.

*జీ.723.1:* 5.3 లేదా 6.3 కిలోబిట్లు. డయలప్ మోడెమ్‌ల కాలానికి సరిపోయింది. ఇప్పుడు కొత్తగా ఎంచుకోవడానికి కారణం లేదు.

*ఐఎల్‌బీసీ:* 13.33 లేదా 15.2 కిలోబిట్లు. ప్రతి ఫ్రేమ్ దేనికదే స్వతంత్రంగా ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా దాని ప్రభావం తర్వాతి వాటికి పాకదు.

*ఏఎంఆర్, ఏఎంఆర్-డబ్ల్యూబీ, ఈవీఎస్:* మొబైల్ నెట్‌వర్కుల కుటుంబం. ఏఎంఆర్ 4.75 నుంచి 12.2 కిలోబిట్ల మధ్య సిగ్నల్‌ను బట్టి మారుతుంది. ఏఎంఆర్-డబ్ల్యూబీ 6.6 నుంచి 23.85 కిలోబిట్ల వరకు పనిచేసే వైడ్‌బ్యాండ్ కోడెక్. 4జీ నెట్‌వర్కు మీద నడిచే వోల్టీ కాల్స్‌కు ఇదే ఆధారం. ఈవీఎస్ 2014లో ఖరారైంది.

*ఓపస్:* 6 నుంచి 510 కిలోబిట్ల వరకు, 8,000 నుంచి 48,000 కొలతల వరకు, కాల్ నడుస్తుండగానే మారగలదు. మాటకు సిల్క్ భాగం, సంగీతానికి సెల్ట్ భాగం పనిచేస్తాయి. వాడుకకు రుసుము లేదు. బ్రౌజర్ ద్వారా మాట్లాడే వెబ్‌ఆర్‌టీసీలో ఓపస్, జీ.711 రెండూ తప్పనిసరి అని 2016లో ఐఈటీఎఫ్ నిర్దేశించింది.

ఈ మధ్య న్యూరల్ నెట్‌వర్కులతో పనిచేసే కోడెక్‌లు వచ్చాయి. గూగుల్ 2021లో విడుదల చేసిన లైరా 3 కిలోబిట్లతోనే మాటను అందిస్తుంది. 2024లో వచ్చిన ఓపస్ 1.5 వెర్షన్, పోయిన మాటను న్యూరల్ పద్ధతిలో పూరించే సదుపాయాన్ని చేర్చింది.

డేటా లెక్క

కోడెక్ పేరు పక్కన రాసే కిలోబిట్ల అంకెను చూసి ఎంచుకోవడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. ఇంటర్నెట్‌లో మాట ప్యాకెట్లుగా వెళుతుంది. మామూలుగా ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు. ప్రతి ప్యాకెట్ మీదా చిరునామా తదితర వివరాలు 40 బైట్లు ఉంటాయి: ప్రోటోకాల్‌ల వారీగా ఐపీకి 20, యూడీపీకి 8, ఆర్‌టీపీకి 12.

జీ.711లో 20 మిల్లీసెకన్ల మాట 160 బైట్లు. చిరునామాతో కలిపి 200 బైట్లు, సెకనుకు 80 కిలోబిట్లు. జీ.729లో అదే మాట 20 బైట్లు. చిరునామాతో 60 బైట్లు, సెకనుకు 24 కిలోబిట్లు. కాగితం మీద ఎనిమిది రెట్లు కనిపించిన ఆదా లైన్ మీదకు వచ్చేసరికి మూడు రెట్లకు కాస్త పైన నిలిచింది. డజను రసాలను పెద్ద చెక్కపెట్టెలో పార్సిల్ చేస్తే కాయల కన్నా పెట్టెకే ఎక్కువ కిరాయి కట్టినట్టు, చిన్న కోడెక్‌లలో మాట కన్నా చిరునామా బరువే ఎక్కువ. ఐపీ ఆరో వెర్షన్‌లో ఈ బరువు 60 బైట్లకు పెరుగుతుంది. వోల్టీ నెట్‌వర్కులు మాత్రం టవరుకు, ఫోన్‌కు మధ్య ఈ చిరునామాను కొద్ది బైట్లకు కుదించి పంపుతాయి.

ఓపస్‌ను 24 కిలోబిట్ల దగ్గర నడిపితే లైన్ మీద 40 కిలోబిట్లు అవుతుంది. రెండు వైపులా కలిపి గంట కాల్‌కు సుమారు 36 మెగాబైట్లు. జీ.711కు 72 మెగాబైట్లు. 15 మెగాబిట్ల ఇంటి కనెక్షన్‌కు రెండూ లెక్కలోకి రావు. కాబట్టి ఇంట్లో ఫైబర్ ఉన్నవారు బిట్ రేటు తగ్గించుకోవడానికి కోడెక్ మార్చనక్కర్లేదు.

ఆలస్యం

మాట నోటి నుంచి అవతలి చెవికి 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం జీ.114 సిఫారసు చెబుతుంది. 400 మిల్లీసెకన్లు దాటకూడదు. అంతకు మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, మళ్లీ ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది.

గాజుతీగలో కాంతి వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ముసునూరు నుంచి అమెరికాకు కేబుల్ దారి 20,000 కిలోమీటర్లు అనుకుంటే అక్కడే 100 మిల్లీసెకన్లు పోతాయి. మిగిలిన 50లో కోడెక్, ప్యాకెట్ కట్టే సమయం, ఎగుడుదిగుడుగా వచ్చే ప్యాకెట్లను సర్దే జిట్టర్ బఫర్ అన్నీ ఇమడాలి. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లతో జీ.711కు 20, జీ.729కు 25, ఓపస్‌కు 26.5 మిల్లీసెకన్లు పడతాయి. వీటి మధ్య తేడా స్వల్పం. జీ.723.1కు మాత్రం 37.5. డేటా ఆదా కోసం 60 మిల్లీసెకన్ల ప్యాకెట్లు కడితే అదొక్కటే మిగిలిన వ్యవధి మొత్తాన్నీ మింగి ఇంకా దాటుతుంది. దూరపు కాల్‌కు కోడెక్ పేరు కన్నా ప్యాకెట్ నిడివే ముఖ్యం.

ప్యాకెట్ల నష్టం

దారిలో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడిగి తెప్పించుకునే వ్యవధి ఫోన్ కాల్‌లో ఉండదు. పోయింది పోయినట్టే. కోడెక్ అక్కడ ఉజ్జాయింపుగా పూరిస్తుంది. ఒకటి రెండు ప్యాకెట్లు విడివిడిగా పోతే చెవికి తెలియదు. వరుసగా పోతేనే చిక్కు.

తెలుగులో ఒక హ్రస్వాక్షరం పలకడానికి మామూలు వేగంలో ఐదారు ప్యాకెట్లు పడతాయి. మామిడి సీజన్‌లో తోట దగ్గర నిలబడ్డ రైతు, నున్న మామిడి మార్కెట్‌లోని కమీషన్ వ్యాపారితో ధర మాట్లాడుతున్నాడనుకుందాం. టన్ను ‘నలభై’ వేలా, ‘ఎనభై’ వేలా అన్న తేడా అంతా మొదటి రెండక్షరాల్లో ఉంది. మొదటి అక్షరం ఎగిరిపోతే మిగిలేవి ‘లభై’, ‘నభై’. ల, న రెండూ నాదంతో, నాలుక కొసతో పలికే ధ్వనులు కాబట్టి గరగరలో వాటిని విడదీయడం కష్టం. ‘యాభై’, ‘తొంభై’లకు మొదలు పోతే రెండూ ఒక్కటే.

మొదటి అక్షరం పోవడానికి నెట్‌వర్కే కారణం కానక్కర్లేదు. డేటా ఆదా కోసం చాలా కోడెక్‌లలో నిశ్శబ్దాన్ని పంపకుండా ఆపే సదుపాయం ఉంటుంది. జీ.729కు ఇది ‘అనుబంధం బి’లో ఉంది. మాట మొదలైందని గుర్తించడంలో అది క్షణం తడబడితే, న, మ వంటి మెత్తని ధ్వనులతో మొదలయ్యే మాటల తల తెగిపోతుంది. బేరసారాలు, ఖాతా నంబర్లు, మందుల పేర్లు మాట్లాడే లైన్లలో ఈ సదుపాయాన్ని ఆపేయడం మంచిది.

నష్టాన్ని తట్టుకునే తీరులో కోడెక్‌ల మధ్య తేడా స్పష్టంగా ఉంటుంది. జీ.729 ప్రతి ఫ్రేమ్‌నూ గత ఫ్రేమ్‌ల ఆధారంగా నిర్మిస్తుంది కాబట్టి ఒక నష్టం తర్వాతి మాటను కూడా కొంతసేపు పాడుచేస్తుంది. జీ.711కు ఆ బెడద లేదు. ఓపస్ మరో అడుగు వేసి, గత ప్యాకెట్‌లోని మాటకు తక్కువ నాణ్యత గల నకలును తర్వాతి ప్యాకెట్‌లో జతచేసి పంపగలదు. ఒకటి పోతే రెండో దాన్నుంచి రాబట్టుకోవచ్చు. ఈ సదుపాయాన్ని యాప్ తయారుచేసేవారు ఆన్ చేయాల్సి ఉంటుంది.

తెలుగు ధ్వనులు

న్యారోబ్యాండ్ కోడెక్‌లలో దెబ్బతినేవి ఊష్మాలు. ‘స’ ధ్వని బలంలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ‘ష’ అంతకన్నా కింద ఉంటుంది. 3,400 దగ్గర కోసేస్తే ‘స’కు మిగిలేది గాలి ఊదిన చప్పుడే. ఫోన్‌లో ఇంటిపేరు ఇనీషియల్ చెప్పేటప్పుడు ‘ఎస్ ఫర్ శ్రీను’, ‘ఎఫ్ ఫర్ ఫ్యాన్’ అని విప్పి చెప్పే అలవాటు ఇందువల్లే వచ్చింది. వైడ్‌బ్యాండ్‌లో ఆ అవసరం చాలావరకు తప్పుతుంది.

దీర్ఘాలు, ద్విత్వాలు మాత్రం తక్కువ బిట్ రేటులోనూ బాగానే నిలుస్తాయి. అవి కాల వ్యవధికి సంబంధించినవి కాబట్టి ధ్వని వెడల్పు తగ్గినా చెడవు. వాటికి శత్రువు ప్యాకెట్ల నష్టమే. చెవి మందగించిన పెద్దవాళ్లకు, ముఖం చూసి పెదవుల కదలికను పోల్చుకునే వీలులేని ఆడియో కాల్స్‌కు వైడ్‌బ్యాండ్ ఇచ్చే మేలు ఎక్కువ.

రెండు చివర్ల ఒప్పందం

కోడెక్‌ను ఒక్క చివర ఎంచుకుంటే చాలదు. కాల్ మొదలయ్యేటప్పుడు ఎస్‌ఐపీ పద్ధతిలో ఒక ఫోన్ తనకు తెలిసిన కోడెక్‌ల జాబితాను ప్రాధాన్యం ప్రకారం పంపుతుంది. అవతలి ఫోన్ అందులోంచి తనకు పనికొచ్చేదాన్ని ఎంచుకుంటుంది. ఉమ్మడిగా ఒక్కటీ లేకపోతే కాల్ కలవదు, లేదా మధ్యలో ఒక సర్వర్ ఒక కోడెక్ నుంచి మరోదానికి మార్చాలి. ప్రతి మార్పిడికీ నాణ్యత కొంత తగ్గుతుంది, ఆలస్యం పెరుగుతుంది. జీ.729లో వచ్చిన మాటను ఏఎంఆర్‌లోకి మారిస్తే, విడివిడిగా రెండూ బాగున్నా, కలిపి విన్నప్పుడు గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

‘తెలుగు కోసం రెండు నొక్కండి’ వంటి చోట్ల కీప్యాడ్ శబ్దాలు కూడా తక్కువ బిట్ రేటు కోడెక్‌లలో చెడిపోతాయి. అందుకే వాటిని శబ్దంగా కాక ప్రత్యేక సంకేతంగా పంపుతారు. ఫ్యాక్స్ వెళ్లాల్సిన లైన్‌కు జీ.711 లేదా ఫ్యాక్స్ కోసమే ఉన్న టీ.38 పద్ధతి వాడాలి.

భారతదేశంలో, ముసునూరు ప్రాంతంలో

భారతదేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1న అనుమతి లభించింది. అప్పుడు కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్లకు కాల్ చేయవచ్చు గాని, దేశంలోని ఫోన్లకు చేయడానికి వీలుండేది కాదు. 2018లో కేంద్ర టెలికాం శాఖ ఆ అడ్డు తొలగించింది. అదే ఏడాది బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ పేరుతో యాప్ ఆధారిత ఫోన్ సేవను తెచ్చింది. 2016 సెప్టెంబర్ 5న మొదలైన జియో పూర్తిగా వోల్టీ నెట్‌వర్కుగా రావడంతో వైడ్‌బ్యాండ్ మాట పల్లెలకు చేరింది.

ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ పథకాన్ని 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇవ్వడం ఆనాటి ప్రారంభ పథకం. గాజుతీగను కరెంటు స్తంభాల మీదుగా లాగి ఊళ్లకు చేర్చారు. ఇలాంటి కనెక్షన్‌లో ల్యాండ్‌లైన్ కూడా ఇంటర్నెట్ ఫోనే. ఎక్స్చేంజీ నుంచి వచ్చే రాగితీగ స్థానంలో ఇంట్లోని పెట్టె మాటను ప్యాకెట్లుగా కడుతుంది.

కృష్ణా జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలోకి వచ్చిన ముసునూరు మండలంలో, దాని చుట్టుపక్కల మూడు రకాల పరిస్థితులు కనిపిస్తాయి. మొదటిది ఫైబర్ ఉన్న ఇల్లు. ఇక్కడ బ్యాండ్‌విడ్త్‌కు కొదవ ఉండదు. చిక్కు వస్తే ఎక్కువగా వైఫైలోనే వస్తుంది. రౌటర్ హాల్లో ఉండి, ఫోన్ పట్టుకున్న మనిషి మందపాటి గోడ అవతల వసారాలో కూర్చుంటే ప్యాకెట్లు పోతాయి. దానికి మందు కోడెక్‌లో లేదు, రౌటర్ చోటు మార్చాలి.

రెండోది తోట. మామిడి ఏడాది పొడవునా ఆకు దట్టంగా ఉండే చెట్టు. ఆకులు మొబైల్ సిగ్నల్‌ను పీలుస్తాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ నష్టం ఎక్కువ. అందుచేత తోట మధ్యలో సిగ్నల్ అడుగు అడుగుకీ మారుతుంది. ఇక్కడ స్థిరమైన బిట్ రేటు కోడెక్ కన్నా, పరిస్థితిని బట్టి తగ్గి పెరిగే ఏఎంఆర్-డబ్ల్యూబీ, ఓపస్ మేలు. వోల్టీ కాల్‌కు నెట్‌వర్కు ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తుంది. యాప్ కాల్ సాధారణ డేటాతో పోటీపడాలి. తోటలోంచి ధర మాట్లాడేటప్పుడు యాప్ కన్నా మామూలు వోల్టీ కాలే నమ్మదగినది.

మూడోది సంస్థలు. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీ వంటి నివాస విద్యాసంస్థకో, ఒక శీతల గిడ్డంగికో సొంత ఫోన్ వ్యవస్థ అమర్చేవారు లోపలి కాల్స్‌కు జీ.722 గాని ఓపస్ గాని, బయటి ఫోన్ నెట్‌వర్కుకు వెళ్లే లైన్‌కు జీ.711 ఎ-లా పెట్టుకోవాలి. రద్దీగా ఉన్న వైఫైలో ప్యాకెట్ సైజు కన్నా ప్యాకెట్ల సంఖ్యే భారమవుతుంది కాబట్టి అక్కడ బిట్ రేటు తగ్గించి ప్రయోజనం తక్కువ.

ఎంపిక

నాణ్యతను కొలవడానికి శ్రోతలు 1 నుంచి 5 వరకు ఇచ్చే మార్కుల సగటును వాడతారు. మనుషులకు బదులు యంత్రం లెక్కగట్టే పెస్క్, పోల్కా అనే పద్ధతులు వరుసగా 2001, 2011లలో ప్రమాణాలయ్యాయి. ఈ మార్కులు ప్రయోగశాలలో వచ్చినవి. కొనేముందు సొంత లైన్ మీద, సొంత భాషలో, రద్దీ వేళ విని చూడటాన్ని అవి భర్తీ చేయలేవు. నలభై, ఎనభై, యాభై, తొంభై అని వరుస మార్చి చదివి అవతలివారి చేత రాయించుకుంటే చాలు, లైన్ సంగతి తేలిపోతుంది.

రెండు చివర్లూ ఇంటర్నెట్ మీదే ఉంటే ఓపస్‌ను 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లతో, నష్టాన్ని పూరించే నకలుతో వాడాలి. కాల్ మామూలు ఫోన్ నెట్‌వర్కులోకి వెళితే మన దేశంలో జీ.711 ఎ-లా తీసుకోవాలి. మొబైల్‌లో వోల్టీ ఇచ్చే ఏఎంఆర్-డబ్ల్యూబీ లేదా ఈవీఎస్‌ను వదులుకోనక్కర్లేదు. ఉపగ్రహ లైన్ వంటి నిజంగా ఇరుకైన దారి ఉంటే తప్ప జీ.729ను కొత్తగా ఎంచుకోవద్దు. మార్పిడుల సంఖ్య ఎంత తగ్గితే మాట అంత శుభ్రంగా చేరుతుంది.